ఆట ఆగాక మొదలయ్యే పాఠం

వీడియో గేమ్‌తో భాష నేర్పవచ్చా అన్నది మన బడుల్లో ఇప్పుడు ఊహాప్రశ్న కాదు. ఎన్నో ఉన్నత పాఠశాలల గోడల మీద నల్లబల్ల పక్కకి ఇంటరాక్టివ్ ప్యానెల్ వచ్చింది. 2022 డిసెంబరులో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వ బడుల్లో ఎనిమిదో తరగతి పిల్లల చేతికి ట్యాబులు వచ్చాయి. పరికరం వచ్చాక దానితో ఏం చెయ్యాలన్న ప్రశ్న టీచర్ల మీద పడింది. ఒక జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాలలో ఇంగ్లీషు టీచరు, ఎనిమిదో తరగతికి వారంలో ఒక పీరియడ్ గేమ్‌తో నడుపుతానని హెడ్మాస్టరుకి రాసిచ్చారు. తెలుగు మాస్టారు అభ్యంతరం చెప్పారు. స్టాఫ్‌రూములో ఆ ఇద్దరి మధ్య సాగిన వాదం ఇది.

మాస్టారు: టీచర్ గారూ, మీ కాగితం మీద నా అభిప్రాయం రాయమన్నారు హెడ్మాస్టరు గారు. రాసే ముందు మీతో మాట్లాడటం న్యాయమని వచ్చాను. నాకిది నచ్చలేదమ్మా. పిల్లలు ఫోను వదలడం లేదని తల్లులు మన దగ్గరికొచ్చి మొర పెట్టుకుంటున్నారు. ఆ ఫోన్లో ఆడేదాన్నే బడిలోకి పిలిచి పీట వేస్తే వాళ్లకి ఏం సమాధానం చెబుతాం?

టీచరు: ఆ తల్లుల భయం నాకూ ఉంది మాస్టారూ. ప్రపంచ ఆరోగ్య సంస్థ గేమింగ్ వ్యసనాన్ని జబ్బుల వర్గీకరణలో చేర్చింది. 2022 జనవరి నుంచి అది అమల్లో ఉంది. డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటల్ని 2025లో కేంద్రం చట్టం చేసి నిషేధించింది. అయితే అదే చట్టం చదువుకి పనికొచ్చే ఆటల్ని వేరుగా చూసింది. ఆ తేడానే మనమూ పాటిద్దామంటున్నాను. ఎవరి ఫోనులో వాళ్లు, ఎవరి మూల వాళ్లు కూర్చుని ఆడే ఆట నేను తేవడం లేదు.

మాస్టారు: ఏ ఆటైనా ఆటే కదా. దానివల్ల భాష వస్తుందని ఆధారం ఏమిటి?

టీచరు: స్వీడన్‌లో సిల్వెన్, సుండ్‌క్విస్ట్ అనే ఇద్దరు పరిశోధకులు 2012లో ఒక అధ్యయనం ప్రచురించారు. 11, 12 ఏళ్ల పిల్లలు 86 మంది. బడి బయట ఇంగ్లీషు గేములు ఎక్కువగా ఆడేవాళ్లకి, ఆడనివాళ్ల కంటే ఇంగ్లీషు మాటలు ఎక్కువ తెలుసు. చదివి, విని అర్థం చేసుకోవడంలోనూ వాళ్లే ముందున్నారు.

మాస్టారు: ఆడటం వల్ల ఇంగ్లీషు వచ్చిందా, ఇంగ్లీషు వచ్చినవాళ్లే ఆ గేములు ఆడుతున్నారా? ఆ లెక్క నుంచి ఏది ముందో తేలదు. పైగా అది స్వీడన్. అక్కడ టీవీ పెడితే ఇంగ్లీషు సినిమా కింద స్వీడిష్ అక్షరాలు నడుస్తాయి. వాళ్ల భాషా ఇంగ్లీషూ ఒకే కుటుంబంవి. మన పిల్లవాడు బడి గేటు దాటితే ఇంగ్లీషు వాక్యం వినడు. అక్కడ మొలిచింది ఇక్కడా మొలుస్తుందని ఎలా అనుకుంటాం?

టీచరు: మీరన్నది నిజం. ఇంకా చెప్పాలంటే, మీ వాదానికి అంతకంటే బలమైన సాక్ష్యం నా దగ్గరే ఉంది. జపాన్‌లో జొనాథన్ డీహాన్, ఆయన సహచరులు 2010లో ఒక ప్రయోగం ఫలితాలు ప్రచురించారు. 80 మంది డిగ్రీ విద్యార్థుల్ని జంటలుగా కూర్చోబెట్టారు. జంటలో ఒకరు ఇంగ్లీషు పాటల గేమ్ ఆడతారు, రెండోవారు అదే ఆటని అదే సమయంలో చూస్తారు. తర్వాత మాటలు అడిగితే, ఆడినవాళ్ల కంటే చూసినవాళ్లకే ఎక్కువ గుర్తున్నాయి. ఆడేవాడి మనసంతా మీటల మీదే ఉంటుంది, మాట మీద నిలవదు. కొన్నాళ్ల తర్వాత మళ్లీ అడిగితే ఇద్దరూ చాలావరకు మరిచిపోయారు.

మాస్టారు: మరింకేం? మీ వాదం మీరే కొట్టేసుకున్నారు.

టీచరు: లేదండీ, అక్కడే నా పద్ధతి పుట్టింది. గేమ్ ఇచ్చి ఆడుకోండని వదిలేస్తే భాష రాదు. అది నేను ఒప్పుకుంటాను. ఆడేవాళ్లు, చదివేవాళ్లు, విని రాసుకునేవాళ్లు వేరువేరుగా ఉండాలి. ఆట అయ్యాక దాని గురించి మాట్లాడాలి, రాయాలి. నా ప్రతిపాదనలో ఆటకి పావుగంట, మాటకీ రాతకీ అరగంట. నో బ్యాగ్ డే శనివారం నాడు ఒకసారి చేసి చూశాను. ఎలా జరిగిందో చెప్పనా?

మాస్టారు: చెప్పండి.

టీచరు: ‘కీప్ టాకింగ్ అండ్ నోబడీ ఎక్స్‌ప్లోడ్స్’ అని 2015లో వచ్చిన గేమ్. తెర మీద ఒక పెట్టె. దానికి తీగలు, మీటలు, గుర్తులు. గడియారం వెనక్కి నడుస్తుంది. మొదటి పెట్టెకి ఇచ్చే గడువు ఐదు నిమిషాలు. దాన్ని విప్పే సూచనలు తెర మీద ఉండవు, 23 పేజీల పుస్తకంలో ఉంటాయి. ఆ పుస్తకం ఉచితంగా దొరుకుతుంది, ప్రింటు తీసుకోవచ్చు. ఆట నియమమేమిటంటే పెట్టె చూసేవాళ్లు పుస్తకం చూడకూడదు, పుస్తకం చూసేవాళ్లు పెట్టె చూడకూడదు. మాటలతోనే ఒకరికొకరు చెప్పుకోవాలి.

ప్యానెల్ దగ్గర ఒక పిల్ల. ప్యానెల్‌కి వీపు పెట్టి, చేతుల్లో కాగితాలతో నలుగురు. మిగతా తరగతి నోటుపుస్తకాలు తెరిచి, వినబడిన వాక్యాలు రాసుకుంటోంది. ఆ రోజు తీగల పేజీ ఒక్కటే ఇచ్చాను. ప్యానెల్ దగ్గరి పిల్ల, మూడు తీగలున్నాయంది. కాగితం పట్టుకున్నవాడు వెతికి చదివాడు: ఎర్ర తీగ లేకపోతే రెండోది కత్తిరించాలి. ఎర్రది ఉందని ఆ పిల్ల చెప్పలేదు, వీడు అడగలేదు. రెండోది కత్తిరించమన్నాడు. కత్తిరించింది, తప్పు పడింది. మూడో తప్పుకి ఆట పోతుంది. అప్పుడు పక్కనున్నవాడు కాగితం లాక్కుని, ఎర్రది ఉందా, ఉంటే చివరి తీగ తెల్లదా అని అడిగాడు. అడగాల్సిన ప్రశ్న అది. ఆ ప్రశ్న ఇంగ్లీషులో ఎలా అడగాలో నేను పాఠంగా చెప్పి ఉంటే ఎవరికీ పట్టేది కాదు. వాళ్లకి ఆ క్షణంలో అది కావాలి.

మాస్టారు: ఇంగ్లీషులోనే అడిగాడా?

టీచరు: మొదటి ఆటలో అందరూ తెలుగులోకే దిగారు. గడియారం తరుముతుంటే నోటికి సొంత భాషే వస్తుంది. నేను ఆపలేదు. ఇంగ్లీషు కాగితం చదివి, అర్థం చేసుకుని, తెలుగులో సరిగ్గా చెప్పడం కూడా చదువే. రెండో ఆటకి ముందు బోర్డు మీద ఆరు వాక్యాలు రాశాను. ఎన్ని ఉన్నాయి, ఏ రంగు, చివరిది ఏది, మళ్లీ చెప్పు, ఆగు, సరేనా. ఈసారి అవి ఇంగ్లీషులోనే అనాలని నియమం. అన్నారు. అరిచారు కూడా. ఆటయ్యాక ప్రతి ఒక్కరూ ఐదు వాక్యాలు రాయాలి. ఏం జరిగింది, ఎక్కడ తప్పాం, ఏం అడగాల్సింది. భూతకాలం, షరతు వాక్యాలు, క్రమ సంఖ్యలు, ఇలా వ్యాకరణం పీరియడ్‌లో నేను విడివిడిగా చెప్పేవన్నీ ఆ ఐదు వాక్యాల్లో వచ్చాయి.

మాస్టారు: తెర మీద పెట్టె అన్నారు. అందులో ఏముంటుంది?

టీచరు: బాంబు.

మాస్టారు: అదీ సంగతి. బడిలో పిల్లల చేత బాంబు విప్పిస్తారా?

టీచరు: ఆ అభ్యంతరం సరైనదే. కథ మార్చి చెబుతాను. తుపాను హెచ్చరిక పంపాల్సిన యంత్రం పాడైంది, గడువులోగా బాగుచెయ్యాలి అంటాను. కాగితం మీద ఆ మాటలు మార్చగలను. తెర మీద మాత్రం బొమ్మ బాంబే, దాన్ని నేను మార్చలేను. వేరే ఆట దొరికితే అది తీసుకుంటాను. నాకు కావలసింది ఆ నిర్మాణం. ఒకరికి తెలిసింది మరొకరికి తెలియకపోవడం, మాట తప్ప మరో దారి లేకపోవడం. భాష బోధించేవాళ్లు దీన్ని ఇన్ఫర్మేషన్ గ్యాప్ అంటారు. ఇది మనకి కొత్త కాదు. ఎన్.ఎస్. ప్రభు 1979 నుంచి 1984 వరకు బెంగళూరు, మద్రాసు వంటి చోట్ల మామూలు బడుల్లో ఈ దారిలోనే ఇంగ్లీషు నేర్పించారు. వ్యాకరణ సూత్రం చెప్పకుండా, మ్యాపు, రైళ్ల టైంటేబులు లాంటివి ఇచ్చి సమస్య పరిష్కరించమన్నారు. 1987లో ఆయన రాసిన పుస్తకాన్ని ప్రపంచమంతా ఇంగ్లీషు టీచర్లు చదువుతున్నారు.

మాస్టారు: మీరే నాకు బలమైన ఆయుధం ఇచ్చారు. ప్రభు గారు అవన్నీ నల్లబల్లతో, కాగితంతో చేశారు కదా? మీ తీగల పెట్టెని అట్ట మీద రంగు పెన్సిళ్లతో గీస్తే సరిపోదా? కరెంటు పోతే ఆగదు. మాటలన్నీ అవే వస్తాయి. మరి ప్యానెల్ దేనికి?

టీచరు: మూడు కారణాలున్నాయి. మొదటిది, తీర్పు. అట్ట మీద ఆట అయితే తప్పో ఒప్పో నేను చెప్పాలి. నేను చెబితే పిల్లలు నా ముఖం చూస్తారు. ఎదుటివాడు చెప్పింది వినరు. తెర తీర్పు చెబితే వాళ్లు ఒకరితో ఒకరు వాదించుకుంటారు. రెండోది, గైడు. మన పిల్లలు గైడు చూసి జవాబు బట్టీ పట్టడంలో ఆరితేరారు. ఈ ఆటలో గైడు వాళ్ల చేతిలోనే ఉంటుంది, అయినా బట్టీ పనికిరాదు. పెట్టె ప్రతిసారీ మారుతుంది. చదివి అర్థం చేసుకోక తప్పదు. మూడోది, తప్పు చెయ్యడానికి భయం ఉండదు. మళ్లీ మొదలుపెట్టడానికి క్షణం చాలు.

మాస్టారు: మూడోది నాకు మంచిగా కనిపించడం లేదు. తప్పుకి వెల లేకపోతే జాగ్రత్త ఎక్కడి నుంచి వస్తుంది? పద్యంలో యతి తప్పితే తప్పే. ఇంకో అవకాశం ఉందిలే అనుకుంటే ఎవరూ సరిచూసుకోరు. భాషకి శ్రద్ధ కావాలి.

టీచరు: ఈ ఆటలో శ్రద్ధ లేకపోతే ఒక్క అడుగు కూడా పడదు మాస్టారూ. ఒకే ఉచ్చారణ ఉన్న ఇంగ్లీషు మాటల్ని పక్కపక్కనే పెట్టిన ఘట్టం ఒకటుంది. ‘దేర్’ అంటే సరిపోదు. అలా వినిపించే మాటలు మూడున్నాయి. టి, హెచ్, ఇ, ఐ, ఆర్ అని అక్షరం అక్షరం చెప్పాలి. డిక్టేషన్‌లో ఎన్నిసార్లు దిద్దినా పట్టించుకోని స్పెల్లింగ్‌ని అక్కడ తామే అడిగి మరీ తెలుసుకుంటారు.

మాస్టారు: సరే, శ్రద్ధ విషయం ఒప్పుకుంటాను. ఇప్పుడు నా అసలు మాట వినండి. భాషతో ఆడటం మనకి తెలియదని కాదు. అవధానం ఏమిటి? నిషిద్ధాక్షరిలో ప్రతి అక్షరానికీ పృచ్ఛకుడు అడ్డు పడతాడు, ఫలానా అక్షరం వెయ్యవద్దంటాడు. దత్తపదిలో సంబంధం లేని నాలుగు మాటలిచ్చి పద్యం చెప్పమంటాడు. మధ్యలో అప్రస్తుత ప్రసంగి దృష్టి మళ్లిస్తుంటాడు. ఇంతకంటే కఠినమైన ఆట ఏ తెర మీదైనా ఉందా? అందులో అవధాని తన పద్యం తాను కడతాడు. మీ ఆటలో పిల్లవాడు ఎవరో రాసిన వాక్యం చదివి వినిపిస్తాడు. భాష వచ్చిందంటే తన వాక్యం తాను కట్టగలగాలి. మీ గేములు ఆ పని చేయించలేవు.

టీచరు: కొనుక్కున్న గేమ్ ఆ పని చేయించలేదు, ఒప్పుకుంటాను. కానీ గేమ్ రాయించడం చేయిస్తుంది. ట్వైన్ అనే ఉచిత సాధనం ఉంది. క్రిస్ క్లైమస్ 2009లో తయారుచేశారు. ప్రోగ్రామింగ్ రాకపోయినా పరవాలేదు, ఇంటర్నెట్ లేకపోయినా నడుస్తుంది, తెలుగు లిపిలో రాయవచ్చు. కథ రాస్తూ ఒకచోట ఆగి, ఇక్కడ ఏం చేస్తావని పాఠకుణ్ని అడగాలి. ఒక్కో జవాబుకి కథ ఒక్కో దారి పడుతుంది.

మాస్టారు: ఉదాహరణకి?

టీచరు: మీరు చెప్పే మిత్రలాభమే తీసుకోండి. తాబేలు మంథరుడు మడుగు వదిలి స్నేహితుల వెంట నేల మీద నడిచాడు, వేటగాడికి చిక్కాడు. అక్కడ ఆపి అడుగుదాం. వెంట వెళ్లాలా, మడుగులోనే ఉండాలా? ఉండిపోతే ఏమవుతుందో చిన్నయసూరి రాయలేదు. పిల్లవాడు రాయాలి. ఎలుక హిరణ్యకుడి మాట హిరణ్యకుడిలా, కాకి లఘుపతనకుడి మాట లఘుపతనకుడిలా ఉండాలి. రెండు దారులూ తర్కానికి నిలవాలి. పక్క బెంచీ వాడు ఆడి చూసి, ఇదేమిటి, ఇందాక చచ్చిపోయిన వేటగాడు మళ్లీ ఎలా వచ్చాడని నిలదీస్తాడు. అప్పుడు దిద్దుకుంటాడు. మీరు ఎర్ర ఇంకుతో ఎన్నిసార్లు రాసినా చదవని పిల్లవాడు, తోటివాడి ప్రశ్నకి తిరగరాస్తాడు.

మాస్టారు: (కాసేపు ఆలోచించి) ఇది బాగుంది. కథ తెలియనివాడు దీన్ని రాయలేడు. కొత్త దారి వెయ్యాలంటే ముందు పాత దారి చదవాలి. అయినా నా బెంగ ఇంకొకటుంది. మీరు చెప్పిన గేములన్నీ ఇంగ్లీషువే. బడి మాధ్యమం ఇప్పటికే ఇంగ్లీషు వైపు మళ్లింది. సరదా కూడా ఇంగ్లీషులోనే దొరికితే, తెలుగు పరీక్ష కోసం చదివే భాషగా మిగిలిపోతుంది. పిల్లవాడి మనసులో సంతోషం ఒక భాషకీ, భారం ఒక భాషకీ అంటుకుంటే ఆ నష్టం తర్వాత తీరదు.

టీచరు: ఆ బెంగ నాదీ. అందుకే ‘నెవర్ అలోన్’ గురించి చెబుతాను. 2014లో వచ్చిన గేమ్ అది. అలాస్కాలోని ఇన్యూపియాట్ అనే ఆదివాసుల కథ. అక్కడి ఆదివాసుల సంస్థ కుక్ ఇన్‌లెట్ ట్రైబల్ కౌన్సిల్ పెద్దల్నీ కథకుల్నీ కూర్చోబెట్టి తయారుచేయించింది. కథ చెప్పే గొంతు ఆట పొడుగునా వాళ్ల భాషలోనే వినబడుతుంది, కింద ఇతర భాషల అక్షరాలు నడుస్తాయి. కొద్దిమంది మాట్లాడే భాష ప్రపంచంలో ఎందరో పిల్లల చెవిలో పడింది. మన ఏజెన్సీలో కోయ, సవర, గోండి ఇళ్ల పిల్లలకి బడిలో తెలుగే రెండో భాష. వాళ్ల అవ్వ గొంతులో వాళ్ల కథ, కింద తెలుగు అక్షరాలు. అలాంటిదొకటి వస్తే ఆ పిల్లవాడు బడి మెట్టు ఎక్కేటప్పుడు తన భాషని బయట వదిలి రానక్కర్లేదు.

మాస్టారు: అది ప్రభుత్వం, విశ్వవిద్యాలయాలు చెయ్యాల్సిన పని. చెయ్యమని గట్టిగా అడగాలి కూడా. మన బడి సంగతికి వద్దాం. ఇంట్లో సాధన చెయ్యమని ఫోనుకి హోంవర్క్ ఇస్తారా?

టీచరు: ఇవ్వను. 2024 అసర్ విద్యా సర్వే గ్రామాల్లో 14 నుంచి 16 ఏళ్ల పిల్లల్ని అడిగింది. స్మార్ట్‌ఫోను వాడటం 82 శాతానికి పైగా పిల్లలకి వచ్చు. అంతకుముందు వారంలో చదువుకోసం వాడినవాళ్లు 57 శాతం, సోషల్ మీడియా కోసం వాడినవాళ్లు 76 శాతం. వాడటం తెలిసినవాళ్లలో సొంత ఫోను ఉన్న మగపిల్లలు 36 శాతం, ఆడపిల్లలు 27 శాతం. ఇంటికి పంపితే చదువు వెనక్కిపోతుంది, ఆడపిల్ల ఇంకా వెనక్కిపోతుంది. అందుకే ఆట బడిలోనే, అందరి ముందు, ఒక్క ప్యానెల్ మీదే ఉండాలి.

మాస్టారు: బడిలో కూడా ప్యానెల్ దగ్గరికి మగపిల్లలే ముందు ఎగబడతారు.

టీచరు: ఎగబడ్డారు. అందుకే హాజరు పట్టీ వరసలో పిలుస్తాను. చూపుతో ఆడే పని ఒకరిది, చదివి చెప్పే పని నలుగురిది. చదివి చెప్పేవాళ్లు లేకపోతే తెర దగ్గరివాడు అడుగు వెయ్యలేడు. చదవడం వచ్చినవాళ్లకి అక్కడ విలువ పెరిగింది.

మాస్టారు: చదవడం రానివాళ్ల మాట? మన ఎనిమిదిలో ఇంగ్లీషు కూడబలుక్కునేవాళ్లున్నారు. పేజీ నిండా కొత్త మాటలుంటే వాళ్లు మూగవాళ్లవుతారు.

టీచరు: పదజాలం మీద పాల్ నేషన్ చేసిన పరిశోధన చెప్పేది కూడా అదే. చదివేదాంట్లో వంద మాటలకి 98 తెలిసుంటే గానీ సొంతంగా చదివి హాయిగా అర్థం చేసుకోలేరు. కాబట్టి 23 పేజీలూ ఇవ్వకూడదు. ముందు రోజు పదిహేను మాటలు నేర్పి, మర్నాడు ఒక్క పేజీ ఇవ్వాలి. కూడబలుక్కునేవాణ్ని బాగా చదివేవాడి పక్కన కూర్చోబెట్టాలి. ఈ తయారీ నాదే. గేమ్ చెయ్యదు. టీచరుకి పని తగ్గుతుందనుకుని గేమ్ తెచ్చేవాళ్లు తేకపోవడమే మంచిది.

మాస్టారు: ఆ ఒక్క మాట కోసం మీ కాగితం మీద వ్యతిరేకంగా రాయలేను. కానీ షరతులు రాస్తాను. ఒకటి, ఇంటికి ఫోను పని ఇవ్వకూడదు. రెండు, పాయింట్లు, ర్యాంకులు, ఎవరు గెలిచారన్న పట్టికలు గోడకెక్కకూడదు. మూడు, ఆట పీరియడ్‌లో సగానికి మించకూడదు. రాత లేకుండా పీరియడ్ ముగియకూడదు. నాలుగు, తెర కావాలా, కాగితం చాలా అన్నది మీరూ నేనూ ఇక్కడ తేల్చలేం. పరీక్ష పెట్టి తేల్చాలి.

టీచరు: మొదటి మూడూ ఒప్పుకున్నాను. నాలుగోది ఎలా?

మాస్టారు: ఎ సెక్షన్‌కి ప్యానెల్ మీద ఆట. బి సెక్షన్‌కి అదే ఆట అట్ట మీద, ప్రభు గారి పద్ధతిలో. తయారీ, మాట, రాత రెండింటికీ ఒకేలా ఉండాలి. ఇప్పుడొకసారి, సంవత్సరం చివర ఒకసారి, పిల్లలు చూడని పేజీ ఇచ్చి చదివించి ఐదు వాక్యాలు రాయించండి. ఎవరి పేరూ తెలియకుండా నేను దిద్దుతాను. ఇంగ్లీషు నాకు ఆ మాత్రం వచ్చు. రెండు సెక్షన్లూ ఒకేలా ఎదిగితే ప్యానెల్ అవసరం లేదని మీరు ఒప్పుకోవాలి. ఎ సెక్షన్ బాగా ముందుంటే, తెర చేసే మేలు ఉందని నేను ఒప్పుకుంటాను.

టీచరు: ఒప్పుకుంటాను. రెండూ ఎదగకపోతే?

మాస్టారు: అప్పుడు మనిద్దరం తప్పు, వేరే దారి వెతకాలి. పిల్లల సమయం మన పంతాలకంటే విలువైనది.

టీచరు: అయితే నాదీ ఒక షరతు రాయండి. ట్వైన్ పని ఇంగ్లీషు పీరియడ్‌లో కాదు, తెలుగు పీరియడ్‌లో జరగాలి. మిత్రలాభం మీరు చెప్పాలి, కొత్త దారులు మీరు దిద్దాలి. కంప్యూటర్ పని నేను చూసుకుంటాను. తెలుగులో ఆడదగ్గ ఆటలు లేవని మీరు బాధపడ్డారు. మన ఎనిమిదో తరగతి పిల్లలు రాసేవే మొదటివి కావచ్చు.

మాస్టారు: రాస్తున్నాను. దానికి పేరు మాత్రం గేమ్ పీరియడ్ అని పెట్టకండి. కథారచన అని పెట్టండి. పిల్లలు ఆడుకుంటున్నామని అనుకుంటే అనుకోనివ్వండి, టైంటేబుల్ చూసే తల్లిదండ్రులకి మాత్రం మనం ఏం నేర్పుతున్నామో స్పష్టంగా తెలియాలి.